టువాలమీ రాఫ్టింగ్, ఒక్క రోజులో 18 మైళ్లు: ఈత అంతంతమాత్రం వాళ్లు వెళ్లొచ్చా?

హేవర్డ్_హరి
మా ఆఫీస్ గ్యాంగ్ జూన్ మూడో శనివారానికి కాలిఫోర్నియాలోని టువాలమీ నదిలో రాఫ్టింగ్ బుక్ చేసేశారు. గైడ్‌తో పొద్దున్నించి సాయంత్రం దాకా, 18 మైళ్లు, క్లాస్ 4 (నది కష్టాన్ని 1 నుంచి 6 దాకా కొలిచే అంకె). నన్ను అడిగింది లేదు, "నీకూ మీ ఆవిడకీ కలిపి కట్టేశాం, వెన్మో చెయ్" అని మెసేజ్. తలకి మూడొందల డాలర్లు దాటింది. నిన్న కంపెనీ ఫామ్ వచ్చింది. ఈత వచ్చా, ఇంతకు ముందు రాఫ్టింగ్ చేశారా, గుండె జబ్బుందా, భుజం ఎప్పుడైనా జారిందా... చదువుతుంటే మా ఆవిడ మొహం మాడిపోయింది. నాకు అపార్ట్‌మెంట్ పూల్‌లో అటూ ఇటూ ఈదడం వచ్చు. తనకి అదీ రాదు. ఆరుగురిలో రాఫ్ట్ ఎక్కిన మొహం ఒక్కటే ఉంది, వాడేమో "ఏం కాదు మామా" అంటాడు. మా అమ్మానాన్న విజయవాడ నుంచి వచ్చి ఇక్కడే ఉన్నారు. నాన్న ఆ కంపెనీ పేజీ అంతా చదివి, డ్యామ్ నుంచి నీళ్లు వదులుతారన్న లైన్ దగ్గర ఆగిపోయారు. "లార్జీ మర్చిపోయావా" అని ఒక్క మాటన్నారు, అప్పట్నించీ ఇంట్లో టెన్షన్. వెళ్లొచ్చినవాళ్లుంటే ఉన్నదున్నట్టు చెప్పండి. ఇప్పుడు కాన్సిల్ చేస్తే సగం డబ్బు పోతుంది.

పప్పుచారు
సగం డబ్బే కదా పోయేది, మనిషి కాదుగా. కాన్సిల్.

బందరురోడ్డు
ఎన్ని క్యూసెక్కులు వదులుతారంట?

హేవర్డ్_హరి
పోయినేడాది జూన్ చివర్లో 1,100 సీఎఫ్ఎస్ దగ్గర నడిచిందని వాళ్ల పేజీలో ఉంది.

బందరురోడ్డు
సీఎఫ్ఎస్ అన్నా క్యూసెక్కన్నా ఒకటే కదా. 1,100?? 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల పైచిలుకు పోయింది సార్. మా డాబా మీద నిలబడి చూశాం. 1,100 అంటే మాకు గేటు లీకేజీ. మీ నాన్నగారిని కూడా ఎక్కించెయ్యండి.

తెడ్డు_తిరపతి
బందరురోడ్డు గారూ, క్యూసెక్కుల లెక్కతో నదిని కొలిస్తే బోల్తా పడతారు. కృష్ణ అక్కడ కిలోమీటరు వెడల్పు, అడుగున ఇసుక, వాలు దాదాపు లేదు. టువాలమీ ఇరుకు లోయలో, బండరాళ్ల మధ్య, మైలుకి సగటున 40 అడుగులు దిగుతుంది. విజయవాడ నుంచి హంసలదీవి దాకా కృష్ణ మొత్తం దిగే ఎత్తు కంటే ఇది రెండు మైళ్లలో దిగేదే ఎక్కువ. నీళ్లు తక్కువైతే రాళ్లు బయటపడి సందులు ఇరుకవుతాయి, ఎక్కువైతే రాళ్లు మునిగి వాటి వెనకాల సుడి గుంటలు పెద్దవవుతాయి. దేని కష్టం దానిదే.

హరీ, నేను మే నెలలోనూ వెళ్లాను, ఆగస్టులోనూ వెళ్లాను. రెండూ ఒకే నది అంటే నమ్మబుద్ధి కాదు. మే, జూన్ మొదట్లో సియెర్రా కొండల మంచు కరిగి నీళ్లు రోజంతా ఉంటాయి, చల్లగా, బలంగా. ఎండలు ముదిరాక నదిలో సొంత నీళ్లు ఉండవు. పైన శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్ల హోమ్ పవర్‌హౌస్ ఉంది. కరెంటు కోసం అది కొన్ని గంటలు నీళ్లు వదులుతుంది. ఆ నీళ్లు కిందికి ప్రయాణం చేస్తుంటే వాటి మీదే మనం వెళ్తాం. ఒడ్డున తీరిగ్గా లంచ్ చేస్తూ కూర్చుంటే నీళ్లు మనల్ని వదిలేసి ముందుకెళ్లిపోతాయి. అందుకే ఒక్కరోజు ట్రిప్‌లో గైడ్లు తొందరపెడుతుంటారు. మీది జూన్ మూడో వారం కాబట్టి ఈ ఏడాది మంచును బట్టి అటైనా ఉండొచ్చు, ఇటైనా ఉండొచ్చు. పోయినేడాది అంకె చూసి నిర్ణయం తీసుకోవద్దు. ఫోన్ చేసి "ఆ వారం ఎంత ఉంటుందని మీ అంచనా" అని అడుగు.

ఇంకోటి. బస్సు దించేది మెరల్స్ పూల్ దగ్గర, ఎక్కించుకునేది వార్డ్స్ ఫెర్రీ వంతెన దగ్గర. మధ్యలో రోడ్డు లేదు, సిగ్నల్ లేదు. "నాకు చాలు, ఇక్కడ దిగిపోతా" అనడానికి లేదు. నా మాటల్లో ఇదొక్కటి గుర్తుంటే చాలు.

వీసా_వెంకటి
మధ్యలో దిగడానికి లేదంటే మా ఆఫీస్ టీమ్ మీటింగ్ లాగే ఉందన్నమాట.

సికింద్రాబాద్_సిటీబస్
నేను రిషికేశ్‌లో చేశాను. ఇదంతా ఓవరాక్షన్ భాయ్. ఈత రానోళ్లను కూడా ఎక్కిస్తరు, మధ్యలో బాడీ సర్ఫింగ్ అని నీళ్లలోకి దూకమంటరు, ఒడ్డుకు రాంగనే మ్యాగీ. మస్తు మజా. లైఫ్ జాకెట్ ఉంటే మునిగే సవాలే లేదు.

శాక్రమెంటో_శారద
సిటీబస్ గారూ, మీరు చేసింది శివపురి నుంచి రిషికేశ్ దాకానా, కౌడియాలా నుంచా? శివపురి నుంచి వచ్చే ముక్కలో రోలర్ కోస్టర్, గోల్ఫ్ కోర్స్ లాంటి రాపిడ్లు, అంటే నీళ్లు రాళ్ల మీద ఉరికే చోట్లు, నవ్వుకుంటూ దాటేవే. పైన "వాల్" ఉన్న ముక్క వేరే లెక్క. పైగా బదరీనాథ్ రోడ్డు నది పక్కనే పోతుంది. ఎవరికైనా చెయ్యి విరిగితే అరగంటలో జీపులో ఉంటారు. టువాలమీలో మధ్య దారిలో చెయ్యి విరిగితే దాంతోనే మిగతా రాపిడ్లన్నీ దాటాలి, లేదంటే గైడ్ సాటిలైట్ ఫోన్ తీసి హెలికాప్టర్ కోసం చూడాలి.

హరి గారికి నా సలహా: మొదట సౌత్ ఫోర్క్ అమెరికన్‌కి వెళ్లండి. కొలోమా దగ్గర, 1848లో బంగారం దొరికిన ఊరే. క్లాస్ 3. ట్రబుల్‌మేకర్ అని ఒకటి, కింద గోర్జ్‌లో సేటన్స్ సెస్‌పూల్ అని ఇంకొకటి, భయపడ్డానికి అవి చాలు. రాపిడ్ అవ్వగానే నిమ్మళంగా ఉండే మడుగు వస్తుంది, పడ్డవాళ్లని ఏరుకోవడానికి టైం ఉంటుంది. టువాలమీ మొదటి ఐదారు మైళ్లలో ఆ సౌకర్యం తక్కువ. రాక్ గార్డెన్, నెమెసిస్, సండర్లాండ్స్ చూట్, ఒకదాని తోకకి ఇంకొకటి. ఒకచోట పడితే తేరుకునేలోపు రెండోదాంట్లో ఉంటారు.

సికింద్రాబాద్_సిటీబస్
శివపురి నుంచే అక్కా. కానీ మజా మజానే 😄

పెసరట్టు_ఉప్మా
పేర్లు చూశారా అసలు. అదే నదిలో రామ్స్ హెడ్ అనీ, కొంచెం ముందుకెళ్తే ఇండియా అనీ రాపిడ్లు ఉన్నాయి. ఇండియా తర్వాత లోయర్ ఇండియా కూడా ఉంది.

వీసా_వెంకటి
లోయర్ ఇండియా అంటే మనమే కదా. ఇండియా దాటాలంటే స్టాంపింగ్ ఏమైనా ఉందా? నాకు ఇంకా డేట్ దొరకలేదు.

నల్లకుంట_నవీన్
జోకుల మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. లార్జీ మాట వచ్చింది కాబట్టి రాస్తున్నా. అప్పుడు నేను హైదరాబాద్‌లోనే ఇంజనీరింగ్ చదువుతున్నా, ఇంకో కాలేజీలో. 2014 జూన్ 8 సాయంత్రం, బియాస్ నదిలో రాళ్ల మీద నిలబడి ఫొటోలు దిగుతున్న పిల్లలు. పైన లార్జీ డ్యామ్ గేట్లు ఎత్తారు. 24 మంది విద్యార్థులు పోయారు. ఆ జూన్ అంతా మా అమ్మ నన్ను ఏ ట్రిప్‌కీ కదలనివ్వలేదు. హరి వాళ్ల నాన్నగారు అన్నదాంట్లో తప్పేమీ లేదు. డ్యామ్ కింద నది అంటే మన ఇళ్లల్లో అదే గుర్తొస్తుంది.

తెడ్డు_తిరపతి
నవీన్ చెప్పింది నిజం. పెద్దాయనకి ఎలా చెప్పాలో హరికి ఉపయోగపడుతుందని రాస్తున్నా. అక్కడ పిల్లలు ఎండిన రాళ్ల మీద ఉన్నారు, లైఫ్ జాకెట్ లేదు, నీళ్లు వస్తున్నాయని తెలియదు. ఇక్కడ నీళ్లు ఎన్నింటికి వదులుతారో ముందే షెడ్యూల్ ఉంటుంది, ఆ నీళ్లు రాకపోతే ట్రిప్పే లేదు. నీళ్లు వచ్చేటప్పటికి హెల్మెట్, జాకెట్, వెట్‌సూట్ వేసుకుని రాఫ్ట్‌లో ఉంటాం. డ్యామ్ నీళ్ల భయం ఈ నదిలో ఎవరికి ఉండాలంటే, పర్మిట్ లేకుండా వచ్చి ఒడ్డున గుడారం వేసుకునేవాళ్లకి.

అంతమాత్రాన భయం లేదని కాదు. ఆ భయం వేరేచోట ఉంది, అంతే.

పప్పుచారు
వేరేచోట అంటే ఎక్కడో కూడా చెప్పండి మరి.

డాక్టర్_కాదు_నర్సుని
నేను చెప్తా, ఎమర్జెన్సీలో పని చేస్తాను కాబట్టి. జాకెట్ ఉంటే మునగరు అనేది సగం నిజం. రెండు విషయాలు.

ఒకటి చలి. ఆ నీళ్లు యాభై ఫారెన్‌హీట్ చుట్టుపక్కల ఉంటాయి. పడగానే ఛాతీ బిగుసుకుపోయి నోరు దానంతటదే తెరుచుకుని గుటుక్కున గాలి పీలుస్తుంది. ఆ క్షణంలో తల నీళ్లలో ఉంటే ఊపిరితిత్తుల్లోకి పోయేది నీళ్లే. మొదటి నిమిషం ఊపిరి సర్దుకోవడం తప్ప ఇంకేం చెయ్యక్కర్లేదు. పూల్‌లో ఎన్ని ల్యాప్స్ ఈదారన్నది అక్కడ పనికి రాదు.

రెండోది కాలు. ప్రవాహంలో పడ్డప్పుడు అందరూ మొదట చేసేది నిలబడాలని చూడటం. మోకాలి లోతే కదా అని. పాదం రెండు రాళ్ల సందులో ఇరుక్కుంటుంది, వెనక నుంచి నీళ్లు తోసి మనిషిని ముందుకి వంచేస్తాయి. జాకెట్ ఉన్నా తల పైకి రాదు. అందుకే వెల్లకిలా పడుకుని, కాలి వేళ్లు నీళ్ల పైకి కనపడేలా, పాదాలు దిగువ వైపు. ఒడ్డున నీళ్లు నిలకడగా ఉన్నచోటు దగ్గరికి వచ్చాక బోర్లా తిరిగి గట్టిగా ఈదాలి.

హరి గారూ, మీ ఆవిడకి ఈత రాదన్నది కాదు అసలు ప్రశ్న. మొహం మీద నీళ్లు కొడితే కంగారు పడతారా లేదా? షవర్ కింద మొహం పెట్టి నిలబడలేనివాళ్లు ఉంటారు. అలాంటివాళ్లని ఈ నదికి తీసుకెళ్లొద్దు. ఈత రాకపోయినా చెప్పింది వినేవాళ్లు ఉంటారు, వాళ్లు క్లాస్ 3లో బ్రహ్మాండంగా చేస్తారు.

హేవర్డ్_హరి
షవర్ కింద కాదు, తలంటు పోసుకునేటప్పుడే కళ్లు గట్టిగా మూసుకుని కేకలు పెడుతుంది. క్లియర్ అయింది.

శాక్రమెంటో_శారద
నర్సు గారు చెప్పినదానికి నా అనుభవం. సౌత్ ఫోర్క్‌లోనే రాఫ్ట్ రాయికి తగిలి పక్కకి లేచింది. గైడ్ "హై సైడ్" అని అరిచాడు. అంటే అందరూ లేచిన వైపుకి దూకి బరువు వెయ్యాలి. మా మరిది అటు వెళ్లకుండా కిందికి జారుతున్న వైపు ఉన్న వాళ్లావిడని పట్టుకోవడానికి వెళ్లాడు. ప్రేమ బాగానే ఉంది, ఇద్దరూ నీళ్లలో. త్రో బ్యాగ్ విసిరారు. ఆవిడ తాడు పట్టుకోకుండా బ్యాగ్ పట్టుకుంది. బ్యాగ్‌లో ఇంకా తాడు ఉంటుంది, అది విప్పుకుంటూ పోతుంది, మనమూ కిందికి పోతూ ఉంటాం. తాడునే పట్టుకోవాలి, భుజం మీదుగా వేసుకుని ఆకాశం వైపు చూస్తూ ఉండాలి. పొద్దున సేఫ్టీ టాక్‌లో ఇదంతా చెప్పారు. మా వాళ్లు అప్పుడు సెల్ఫీల్లో ఉన్నారు.

బందరురోడ్డు
అయితే 1,100 క్యూసెక్కులకి సారీ చెప్తున్నా. నర్సు గారి రెండో పాయింట్ చదివాక కాళ్లు మంచం మీదకి తీసుకున్నా.

కొలంబస్_కోనసీమ
ఏ నదైనా లైఫ్ జాకెట్ వేసుకోవడం వేరు, బిగించుకోవడం వేరు. 2019లో కచ్చులూరు దగ్గర లాంచీ మునిగాక మా ఊళ్లో అందరూ జాకెట్ల గురించే మాట్లాడారు. కానీ ఇప్పటికీ పాపికొండలు టూర్‌లో చూడండి, ఫొటోకి వేసుకుని తర్వాత సీటు కింద పెట్టి కూర్చునేవాళ్లే. ఇక్కడ గైడ్ వచ్చి భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూస్తాడు. చెవుల దాకా లేస్తే మళ్లీ పట్టీలు లాగుతాడు. ఊపిరాడట్లేదు అంటే "గుడ్" అంటాడు. వదులు చెయ్యమని బతిమాలొద్దు.

గచ్చిబౌలి_గంగాధర్
మీరందరూ భయపెట్టేస్తున్నారు. ఏటా బోలెడు మంది వెళ్లి నవ్వుతూ తిరిగొస్తున్నారు కదా. గైడ్లు రోజూ అదే నదిలో తిరిగేవాళ్లు. జీవితంలో ఒక్కసారైనా ఆ లోయ చూడాలి. 1984లోనే దాన్ని వైల్డ్ అండ్ సీనిక్ రివర్ (సహజంగా ఉంచి కాపాడాల్సిన నది) అని ప్రకటించారు ఊరికే కాదు. నేను పోయిన ఆగస్టులో వెళ్లాను. మొదటిసారే. క్లేవీ ఫాల్స్ దగ్గర రాఫ్టులన్నీ ఒడ్డున ఆపి, బండల మీద నడిపించి చూపించారు. పై మెట్టు నుంచి దిగి, కింద తెల్లగా మరుగుతున్న గుంట పక్క నుంచి తప్పుకోవాలి. మా గైడ్ ఒక ఆకు విసిరి, అది ఎటు పోతుందో చూడమన్నాడు. ఆకు గుంటలోకి పోయి తిరుగుతూ తిరుగుతూ అక్కడే ఉంది. "మనం దాని లాగా ఉండొద్దు" అన్నాడు. మా గుంపులో ఇద్దరు నేను ఎక్కను అంటే ఒడ్డు వెంబడి నడిచి కింద కలుసుకోమన్నాడు, వెక్కిరించలేదు. అంటే చాయిస్ ఉంటుంది.

తెడ్డు_తిరపతి
గంగాధర్, క్లేవీ దగ్గర నడవడం సరే, అది ఒక్క రాపిడ్. మిగతావన్నీ? పైగా నువ్వు వెళ్లింది ఆగస్టు నీళ్లకి. కానీ లోయ విషయంలో నీ మాటే నా మాట. 2013 రిమ్ ఫైర్ అనే కార్చిచ్చు మొదలైంది ఆ క్లేవీ నది వచ్చి కలిసే చోటికి దగ్గర్లోనే, రెండున్నర లక్షల ఎకరాలు కాలింది. కాలిన మానులు ఇంకా కొండల మీద కనిపిస్తాయి, కింద కొత్త పచ్చదనం. దాంతో పాటు పాయిజన్ ఓక్ (తగిలితే దురద పుట్టించే మొక్క) కూడా విరగబడి పెరిగింది. ఒడ్డున దిగినప్పుడు మూడేసి ఆకులున్న మెరిసే పొదల్లోకి వెళ్లొద్దు.

పెసరట్టు_ఉప్మా
హేవర్డ్ వాళ్లకి ఇంకో విషయం. మీ కొళాయిలో వచ్చేది ఈ నది నీళ్లే. హెచ్ హెచ్చీ అనే రిజర్వాయర్ నుంచి పైపుల్లో వస్తాయి. అంటే హరి రోజూ టువాలమీతో స్నానం చేస్తూనే ఉన్నాడు.

తెడ్డు_తిరపతి
చిన్న సవరణ. తాగేది హెచ్ హెచ్చీ రిజర్వాయర్ నీళ్లు. హోమ్ పవర్‌హౌస్ నుంచి వచ్చి రాఫ్ట్‌ని తోసేది చెర్రీ లేక్ నీళ్లు.

వీసా_వెంకటి
ఈయన పెళ్లిభోజనాల్లో కూడా ఇలాగే సవరిస్తాడనుకుంటా.

రాత్రి_డ్యూటీ
వెళ్లేవాళ్లకి ఎవరూ చెప్పని ముక్కలు చెప్తా. కాటన్ బట్టలు వద్దు, తడిస్తే ఆరవు, వణుకుతూ ఉంటారు. సన్‌స్క్రీన్ తొడలకి రాయొద్దు, రాఫ్ట్ మీద జర్రున జారుతారు. నుదుటికి రాస్తే కళ్లల్లోకి కారి ఏడుస్తారు. కళ్లజోడుకి తాడు కట్టండి. ఆడవాళ్లు నల్లపూసలు, గాజులు, ఉంగరాలు బస్సులోనే తీసి లోపల పెట్టాలి, తాళ్లలో చిక్కుకుంటాయి. ప్యాడిల్ పైన అడ్డంగా ఉండే పిడి మీద నుంచి చెయ్యి ఎప్పుడూ తియ్యొద్దు. వదిలేస్తే అది పోయి పక్కవాడి పళ్లకే తగులుతుంది. మా మేనేజర్ ముందు పన్ను అలాగే పోయింది. కొట్టింది ఎవరో చెప్పను.

పప్పుచారు
అప్రైజల్ ఎలా వచ్చింది?

రాత్రి_డ్యూటీ
అందుకే రాత్రి డ్యూటీ.

శాక్రమెంటో_శారద
😂😂 రోడ్డు గురించి ఎవరూ చెప్పలేదు. గ్రోవ్‌లాండ్ దాటాక లమ్స్‌డెన్ రోడ్డు అని నదిలోకి దిగే మట్టిరోడ్డు ఉంటుంది. ఐదు మైళ్లు, ఒక్క బండి పట్టేంత వెడల్పు, పక్కన రెయిలింగ్ లేదు. కిందికి తీసుకెళ్లేది కంపెనీ బండే. మా చెల్లెలికి మొత్తం ట్రిప్‌లో భయం వేసింది ఆ రోడ్డు మీదే, నీళ్లలో కాదు. అరుగుదల సరిగా లేనివాళ్లు పొద్దున తేలిగ్గా తినండి.

డాక్టర్_కాదు_నర్సుని
హరి గారూ, అమ్మానాన్నల్ని సౌత్ ఫోర్క్‌కి అయినా ఎక్కించాలని ఆలోచన వస్తే, వాళ్ల విజిటర్ ఇన్సూరెన్స్ పాలసీలో అడ్వెంచర్ స్పోర్ట్స్ మినహాయింపు ఉందేమో చూడండి. చాలావాటిలో ఉంటుంది.

హేవర్డ్_హరి
వాళ్లని ఎక్కించే సాహసం లేదు, నాన్న నన్నే ఎక్కనిచ్చేలా లేరు. ఈరోజు కంపెనీకి ఫోన్ చేశాను. తిరపతి గారు చెప్పినట్టే అడిగితే, మంచు ఎక్కువ ఉంది, ఆ వారం 3,000 పైనే ఉండొచ్చు, ఆ మట్టంలో అనుభవం లేనివాళ్లని తీసుకెళ్లం అన్నారు. మా "ఏం కాదు మామా"కి ఇదంతా ముందే ఈమెయిల్‌లో వచ్చిందట, వాడు చదవలేదు. కాన్సిల్ చేస్తే డబ్బు పోతుంది కానీ, వాళ్లకే సౌత్ ఫోర్క్ ట్రిప్ కూడా ఉంది, దానికి మార్చుకోవచ్చు అన్నారు. నలుగురం మారిపోయాం. వాడూ, జిమ్ చేసే ఇంకొకడూ మాత్రం ఆగస్టు టువాలమీకి జరుపుకున్నారు.

గచ్చిబౌలి_గంగాధర్
ఆగస్టు మంచి నిర్ణయం. చెప్పానుగా.

తెడ్డు_తిరపతి
నువ్వు ఆగస్టు అని చెప్పలేదు నాయనా, "వెళ్లండి" అని చెప్పావు.

హేవర్డ్_హరి
రిపోర్ట్: పోయిన శనివారం సౌత్ ఫోర్క్ అయింది. ట్రబుల్‌మేకర్ దగ్గర మలుపులో ఒక రాయి ఉంటుంది, దానికి గుద్దుకుని వెనక్కి తిరిగి కిందికి వచ్చాం. మా ఆవిడ మధ్యలో కూర్చుంది, రెండు పాదాలూ ముందున్న గొట్టం కిందికి దోపేసి. గైడ్ "ఫార్వర్డ్" అంటే అందరికంటే ముందు తనే ప్యాడిల్ వేసింది, నేను పక్కవాళ్లని చూస్తూ కూర్చున్నా. నీళ్లు మొహాన కొట్టినప్పుడల్లా కేకలు పెట్టింది కానీ ప్యాడిల్ ఆపలేదు. నాన్నగారు కొలోమాలో ఒడ్డున కుర్చీ వేసుకుని కూర్చున్నారు. జాకెట్ పట్టీలు తనే ఒకసారి లాగి చూశారు, గైడ్ మీద నమ్మకం లేక. వచ్చే ఏడాది మా ఆవిడ ఈత క్లాసుల్లో చేరుతుందట. టువాలమీ గురించి ఇంట్లో ఇంకా ఎవరూ మాట్లాడట్లేదు.

బందరురోడ్డు
ఎన్ని క్యూసెక్కులు?

హేవర్డ్_హరి
1,500 సార్. గేటు లీకేజీ కంటే కొంచెం ఎక్కువ.

సికింద్రాబాద్_సిటీబస్
మ్యాగీ దొరికిందా?

హేవర్డ్_హరి
టర్కీ శాండ్‌విచ్. మాకు వెజ్ అని ముందే చెప్తే హమ్మస్ పెట్టారు. బండిలో పులిహోర ఉంది కాబట్టి బతికాం. ఒక ప్రశ్న: మాతో వచ్చినవాళ్లలో ఒకడు ఒడ్డున పొదల్లోకి వెళ్లొచ్చాడు, రాత్రి నుంచి ముంజేతుల మీద ఎర్రగా గీతలు గీతలుగా లేచాయి, ఒకటే దురద. పాయిజన్ ఓకేనా? కొబ్బరినూనె రాసుకున్నాడు.

డాక్టర్_కాదు_నర్సుని
అదే. నూనె ఆపమనండి. చల్లనీళ్లూ గిన్నెలు తోమే సబ్బూ పెట్టి కడుక్కుని, పైన హైడ్రోకార్టిసోన్ క్రీమ్. ఆ రోజు వేసుకున్న బట్టలు, చెప్పులు, వాచీ బెల్టు కూడా విడిగా కడగాలి, ఆ ఆకు జిడ్డు వాటి మీదే రోజుల తరబడి ఉంటుంది. మొహం మీదకో కళ్ల దగ్గరకో వస్తే క్రీములతో ఆగకుండా డాక్టర్‌కి చూపించుకోవాలి.